గ్రాఫిక్స్ కార్డుకు వేరే తీగ ఎందుకు?

కంప్యూటరు క్యాబినెట్ పక్క మూత విప్పి లోపలికి తొంగి చూసినవారికి ఒక సందేహం కలగడం సహజం. సౌండు కార్డు, నెట్‌వర్కు కార్డు, వెనుకటి రోజుల మోడెము కార్డు, ఇవన్నీ మదర్‌బోర్డు మీది స్లాటులో నొక్కి కూర్చోబెడితే చాలు, మారు మాట లేకుండా పని చేస్తాయి. గ్రాఫిక్స్ కార్డు మాత్రం స్లాటులో కూర్చున్న తరువాత కూడా ఎస్.ఎం.పి.ఎస్. నుంచి మరొక తీగ కోసం చేయి చాపుతుంది. అన్ని గ్రాఫిక్స్ కార్డులూ చాపవు. కొన్నింటికి స్లాటే చాలు, కొన్నింటికి ఒక తీగ కావాలి, మరి కొన్నింటికి రెండు, మూడు.

"ఎక్కువ కరెంటు కావాలి గనుక" అన్నది అందరూ చెప్పే సమాధానం. నిజమే, కాని అది సగం సమాధానం. ఎక్కువ కావాలంటే ఆ స్లాటు గుండానే ఎక్కువ ఇవ్వవచ్చును కదా? కార్డులు మారాయి, చిప్పులు మారాయి, స్లాటులు కూడా మూడు నాలుగు సార్లు మారాయి. మారిన ప్రతిసారీ కావలసినంత శక్తి ఇచ్చే స్లాటును ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్నకు సమాధానం విద్యుత్ శాస్త్రంలో కొంత, చరిత్రలో అంతకంటె ఎక్కువ ఉన్నదని నా అభిప్రాయం. స్లాటు ఒక ఒడంబడిక. బోర్డు చేసేవాడు, కార్డు చేసేవాడు, ఎస్.ఎం.పి.ఎస్. చేసేవాడు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే, "ఇంతవరకు నేనిస్తాను, ఇంతకు మించి నీవడగకు" అని కాగితం మీద వ్రాసుకున్న ఒప్పందం. ఒకసారి లక్షలాది బోర్డులు ఆ ఒప్పందం ప్రకారం తయారై ఇళ్ళకు చేరాక దానిని తిరగ వ్రాయడం ఎవరి తరమూ కాదు. ఆకలి పెరిగినవాడు పక్కదారి వెదుక్కోవలసిందే. ఈ విడి తీగ ఆ పక్కదారి.

కథలోకి పోయే ముందు ఒక మాట. మన తెలుగులో "కరెంటు" అన్న ఒక్క పదంతోనే అంతా నెట్టుకొస్తాం. కరెంటు పోయింది అంటాం. కరెంటు బిల్లు కట్టాలి అంటాం. కరెంటు కొట్టింది అంటాం. మొదటి వాక్యంలో ఆ పదానికి సరఫరా అని అర్థం, రెండవ దానిలో వాడుకున్న శక్తి అని అర్థం, మూడవ దానిలో మాత్రమే నిజంగా ప్రవాహం అని అర్థం. వాడుకలో దీనివలన వచ్చే నష్టమేమీ లేదు కాని, ఈ విషయం అర్థం కావాలంటే మూడింటినీ విడదీసుకోక తప్పదు. చెరువు తూమును తలచుకుందాం. కట్ట వెనుక నీటి ఎత్తు వలన కలిగే ఒత్తిడి వంటిది వోల్టేజి. తూములో నుంచి క్షణానికి ఎంత నీరు పారుతున్నదో అది ప్రవాహం, దీనిని ఆంపియర్లలో కొలుస్తారు. ఈ రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేది వాట్లు. కార్డుకు కావలసినది వాట్లు. తీగను, లోహపు పిన్నును వేడెక్కించేది మాత్రం ఆంపియర్లు. ఆ వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపయితే వేడి నాలుగింతలు. ఈ ఒక్క సూత్రం గుర్తు పెట్టుకుంటే ఈ వ్యాసంలో రాబోయే గొడవలన్నీ బోధపడతాయి.

1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. దాని విద్యుత్ సరఫరా పెట్టె సామర్థ్యం మొత్తం 63.5 వాట్లు. మన వసారాలో వెలిగిన 60 వాట్ల బల్బు కంటె కాస్త ఎక్కువ, అంతే. ఆ కొద్దిపాటి శక్తితోనే ప్రాసెసరు, మెమరీ, ఫ్లాపీ డ్రైవులు, అయిదు స్లాటులలోని కార్డులు అన్నీ బ్రతకాలి. ఆ రోజుల రంగుల గ్రాఫిక్స్ కార్డులో ఉన్న మెమరీ 16 కిలోబైట్లు. అది తెర మీద అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలను నాలుగు రంగులలో చూపేది. దానికి పెద్దగా ఆకలి లేదు. ఆ యంత్రంలో తర్కం నడిపే చిప్పులన్నింటికీ 5 వోల్టులు. 12 వోల్టుల తీగ ముఖ్యంగా ఫ్లాపీ డ్రైవులలోని మోటార్లను త్రిప్పడానికి ఉద్దేశించినది. మోటార్ల కోసం వేసిన ఆ 12 వోల్టుల తీగే నలభై ఏళ్ళ తరువాత కంప్యూటరులో ప్రాసెసరునూ గ్రాఫిక్స్ చిప్పునూ పోషిస్తుందని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

తరువాత 1992లో ఇంటెల్ ప్రతిపాదించిన పీసీఐ స్లాటు వచ్చింది. ఇందులో కార్డు ఒక్కింటికి గరిష్ఠంగా 25 వాట్లు అని స్పష్టంగా వ్రాసుకున్నారు. అంతే కాదు, కార్డు తనకు 7.5 వాట్లు చాలునా, 15 కావలెనా, 25 కావలెనా అన్నది రెండు పిన్నుల ద్వారా బోర్డుకు తెలియజెప్పే ఏర్పాటు కూడా ఉన్నది. కార్డు తన ఆకలిని ముందుగా చెప్పుకోవాలి అన్న ఈ మర్యాద ముందు ముందు మరల కనిపిస్తుంది.

1996లో త్రీడీఎఫ్ఎక్స్ అనే సంస్థ వూడూ గ్రాఫిక్స్ అనే చిప్పుల జతను తెచ్చింది. సిలికాన్ గ్రాఫిక్స్‌లో పని చేసి బయటకు వచ్చినవారు 1994లో స్థాపించిన సంస్థ ఇది. లక్షల ఖరీదు చేసే వర్క్‌స్టేషన్లకు మాత్రమే దక్కిన త్రిమితీయ చిత్రణను వారు ఇంటి కంప్యూటరులోకి దించారు. అప్పటికి ఆ కార్డు కూడా పీసీఐ స్లాటు ఇచ్చే శక్తితోనే సర్దుకున్నది. 1997లో ఏజీపీ స్లాటు ఉన్న బోర్డులు బజారులోకి వచ్చాయి. గ్రాఫిక్స్ కోసమే ప్రత్యేకంగా చేసిన స్లాటు అది. 3.3 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు, 5 వోల్టుల దగ్గర 2, 12 వోల్టుల దగ్గర 1. అన్నీ కూడితే 40 వాట్లకు కాస్త పైన. 1997 నాటి దృష్టితో చూస్తే ఇది ధారాళమైన కేటాయింపే. మూడేళ్ళు గడవక ముందే చాలలేదు.

చాలనప్పుడు రెండు దారులు కనిపించాయి. మొదటిది, తూమునే వెడల్పు చేయడం. 1998లో ఏజీపీ ప్రో అనే పొడుగాటి స్లాటును నిర్వచించారు. మామూలు ఏజీపీకి రెండు ప్రక్కలా అదనపు పిన్నులు చేర్చి, 50 వాట్ల రకం, 110 వాట్ల రకం అని రెండు తరగతులు చేశారు. కాగితం మీద ఇది చాలా శుభ్రమైన పరిష్కారం. విడి తీగలు లేవు, చిక్కులు లేవు. కాని దానికి బోర్డు మారాలి, బోర్డు మీది రాగి దారులు బలపడాలి, ఖరీదు పెరగాలి. పది మందిలో తొమ్మిది మంది పెద్ద కార్డు కొనరు. వారు కొనే బోర్డు మీద కూడా ఆ భారం ఎందుకు మోపాలి? వర్క్‌స్టేషన్లలో తప్ప ఇంటి కంప్యూటర్లలో ఏజీపీ ప్రో నిలబడలేదు.

రెండవ దారి త్రీడీఎఫ్ఎక్స్ పట్టినది. 2000 సంవత్సరంలో వచ్చిన వూడూ5 5500 కార్డులో ఒకటికి బదులు రెండు చిప్పులు పక్కపక్కన కూర్చున్నాయి. పోటీదారుల ఒక్క చిప్పుకు సాటి రావాలంటే తమవి రెండు కావలసి వచ్చినది. రెండు నోళ్ళకు ఏజీపీ పెట్టే తిండి చాలదు. అందుకని కార్డు చివర హార్డు డిస్కుకు పెట్టే నాలుగు పిన్నుల కనెక్టరునే అతికించారు. దానిని మనమంతా మోలెక్స్ అని పిలుస్తాం. నిజానికి ఆ ఆకారం ఏ.ఎం.పి. అనే మరొక సంస్థది. కాని పేరు మాత్రం మోలెక్స్‌కు స్థిరపడింది. వనస్పతి నూనె ఏ కంపెనీదైనా "డాల్డా" అనే అన్నట్లు! పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు తీగ 5 వోల్టులు, నడుమ రెండు నల్ల తీగలు. ప్రతి క్యాబినెట్‌లోనూ ఒకటో రెండో ఖాళీగా వ్రేలాడుతూ ఉండేవి. కొనేవాడు బోర్డు మార్చనక్కరలేదు, ఎస్.ఎం.పి.ఎస్. మార్చనక్కరలేదు. పెద్ద కార్డు ఖర్చు పెద్ద కార్డు కొన్నవాడిదే. సొగసు తక్కువైనా లోకజ్ఞానం ఉన్న పరిష్కారం ఇది. గెలిచింది కూడా ఇదే.

ఆ కార్డుకు ఒక అన్న కూడా ఉండవలసింది. వూడూ5 6000. నాలుగు చిప్పులు. దాని ఆకలి తీర్చడానికి ఇళ్ళలోని ఎస్.ఎం.పి.ఎస్.లను నమ్మలేక, వారు విడిగా ఒక అడాప్టరునే తయారు చేయ సంకల్పించారు. "వూడూ వోల్ట్స్" అని దాని పేరు. ఒక కొన గోడ ప్లగ్గులో, మరొక కొన కంప్యూటరు వెనుక కార్డులో! కొన్ని నమూనాలు తయారైనవి గాని ఆ కార్డు అంగడికి రానే లేదు. 2000 డిసెంబరులో త్రీడీఎఫ్ఎక్స్ తన ఆస్తులను పోటీదారైన ఎన్విడియాకు అమ్ముకొన్నది, 2002లో దివాలా ప్రకటించింది. విద్యుత్తే ఆ సంస్థను ముంచిందనడం అన్యాయం. ఆలస్యాలు, వ్యాపార నిర్ణయాలు చాలా ఉన్నాయి. కాని చిప్పు రూపకల్పనలో వెనుకబడినప్పుడు సంఖ్యతో, వాట్లతో ఆ లోటును పూడ్చుకోవాలని చూడటం ఈ రంగంలో అప్పుడు మొదలైన అలవాటు. తరువాత పలు సంస్థలు ఆ దారినే నడిచాయి.

అదే 2000లో మరొక సంగతి జరిగింది, దానిని ఎవరూ అంతగా గుర్తు చేసుకోరు. పెంటియమ్ 4 రాకకు సిద్ధంగా ఎస్.ఎం.పి.ఎస్. ప్రమాణాన్ని సవరించి, ప్రాసెసరుకు కూడా 12 వోల్టుల నాలుగు పిన్నుల చదరపు కనెక్టరును విడిగా ఇచ్చారు. అంటే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే తిండిపోతు అన్న నింద సరి కాదు. ప్రాసెసరూ అదే ఏడు అదే దారి పట్టినది. అది బోర్డు మీదనే ఉంటుంది గనుక దాని విడి తీగ మన కంటికి ఆనదు.

ఆ తరువాతి నాలుగేళ్ళు ఎవరికి తోచిన కనెక్టరు వారు వాడిన అరాచక కాలం. 2002లో వచ్చిన ఏటీఐ వారి రేడియాన్ 9700 ప్రో కార్డుకు ఫ్లాపీ డ్రైవుకు పెట్టే చిన్న కనెక్టరు ఉండేది. అందులో సుమారు 11 కోట్ల ట్రాన్సిస్టర్లు. 2004లో ఎన్విడియా జీఫోర్స్ 6800 అల్ట్రా ఏకంగా రెండు మోలెక్స్ కనెక్టర్లతో వచ్చింది. 22 కోట్ల ట్రాన్సిస్టర్లు, 480 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండాలన్న సలహా, పైగా ఆ రెండు కనెక్టర్లనూ ఒకే తీగ మీద నుంచి తీసుకోవద్దన్న హెచ్చరిక. ఆ హెచ్చరిక పుస్తకంలో ఉంటుంది, పుస్తకం అట్టపెట్టెలో ఉంటుంది, అట్టపెట్టె అటక మీద ఉంటుంది. మన ఊళ్ళలో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్.ఎం.పి.ఎస్. మీద "450 వాట్లు" అని అతికించిన కాగితాలను నేను చాలా చూశాను. పెట్టెను చేతిలోకి తీసుకుంటే దాని బరువే అసలు సంగతి చెప్పేది.

ఈ అరాచకానికి ముగింపు పీసీఐ ఎక్స్‌ప్రెస్‌తో వచ్చింది. 2002లో ప్రమాణం వెలువడింది, 2004లో బోర్డులు వచ్చాయి. గ్రాఫిక్స్ స్లాటుకు 75 వాట్లు అని నిర్ణయించారు. ఈ అంకె ఎక్కడిదో చూద్దాం. ఆ పొడుగాటి స్లాటులో మొత్తం 164 స్పర్శలు ఉంటాయి. వాటిలో 12 వోల్టులు మోసేవి అయిదంటే అయిదు. ఒక్కొక్కటి సుమారు 1.1 ఆంపియర్లు, వెరసి 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు. మరి మూడు స్పర్శలు 3.3 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు, అంటే దాదాపు 10 వాట్లు. రెండూ కలిపితే 75 పైచిలుకు. మిగిలిన స్పర్శలన్నీ సంకేతాలకు, వాటి నడుమ రక్షణగా ఉండే భూమి తీగలకు పోయాయి. స్పర్శ అంటే అక్కడ జరిగేదేమిటి? బంగారు పూత పూసిన సన్నని రేకు మీద ఒక చిన్న స్ప్రింగు కొన ఆనుతుంది. వేగంగా మారే సంకేతాలకు సన్ననిదే శ్రేష్ఠం. ప్రవాహానికి లావుపాటిది కావాలి. ఒకే స్లాటు రెండు పనులూ గొప్పగా చేయలేదు.

ముఖ్యమైన మార్పు ఏమిటంటే, ఈసారి ప్రమాణం వ్రాసినవారు పక్కదారిని కూడా రాజమార్గంగా గుర్తించారు. స్లాటుకు తోడుగా 75 వాట్ల ఆరు పిన్నుల కనెక్టరును, ఆ తరువాత 150 వాట్ల ఎనిమిది పిన్నుల కనెక్టరును నిర్వచించారు. మోలెక్స్‌లోని ఎరుపు తీగ ఇక లేదు, అంతా 12 వోల్టులే. ఎనిమిది పిన్నులున్నా అందులో శక్తి తెచ్చేవి మూడే. మూడు భూమికి తిరుగు దారి, మిగిలిన రెండు "నేను వచ్చాను" అని కార్డుకు చెప్పడానికి. ఎనిమిది పిన్నుల గూటిలో ఆరు పిన్నుల ప్లగ్గును దూర్చినా కార్డు ఆ సంగతిని కనిపెట్టగలదు. పీసీఐ నాటి మర్యాద ఈసారి తిరగబడింది. ఇప్పుడు తిండి పెట్టేవాడే తన శక్తి ఎంతో చెప్పుకుంటున్నాడు.

అసలు ఆకలి ఇంతగా ఎందుకు పెరిగింది? ట్రాన్సిస్టర్లు చిన్నవవుతూ ఉంటే ఖర్చయ్యే విద్యుత్తు తగ్గాలి కదా? తగ్గేది, ఒకప్పుడు. ఐబీఎంలో పని చేసిన రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు 1974లో ఒక సూత్రం చెప్పారు. ట్రాన్సిస్టరు కొలతలను కుదించినప్పుడు దానికిచ్చే వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గించవచ్చును, అప్పుడు అదే జాగాలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు పట్టినా ఆ జాగాలో పుట్టే వేడి పెరగదు అన్నది దాని సారాంశం. మనందరి కంప్యూటర్లలోనూ ఉండే డైనమిక్ మెమరీని కనిపెట్టినది కూడా ఈయనే. మూడు దశాబ్దాల పాటు పరిశ్రమ ఈ సూత్రం నీడలో హాయిగా బ్రతికింది. 5 వోల్టులు 3.3 అయినాయి, 2 అయినాయి, 1 వోల్టుకు దగ్గరగా వచ్చి ఆగిపోయినాయి. అంతకంటె తగ్గిస్తే ట్రాన్సిస్టరు పూర్తిగా ఆరదు, కట్టేసిన కుళాయి కారినట్లు కారుతూనే ఉంటుంది. 2005 ప్రాంతానికి ఆ సూత్రం పని చేయడం మానేసింది. ట్రాన్సిస్టర్ల సంఖ్య మాత్రం పెరుగుతూనే పోయింది.

ప్రాసెసరు చేసేవారు అప్పుడు కొంత తగ్గారు. ఇంటెల్ 2004లో తన తరువాతి పెంటియమ్ 4 పథకాన్ని రద్దు చేసుకొని, వేగం వదలి ఎక్కువ కోర్‌ల వైపు తిరిగింది. మామూలు ప్రోగ్రాములకు పదహారు కోర్‌లిచ్చినా పన్నెండు ఖాళీగా కూర్చుంటాయి. గ్రాఫిక్స్ సంగతి వేరు. తెర మీద ప్రతి చుక్కకూ రంగు లెక్క కట్టాలి, ఆ లెక్కలు చాలావరకు ఒకదాని మీద ఒకటి ఆధారపడవు. 1024 అడ్డం, 768 నిలువు తెరలో 7,86,432 చుక్కలు. 3840 అడ్డం, 2160 నిలువు తెరలో 82,94,400 చుక్కలు, పదింతలకు పైన. వీటిని సెకనుకు అరవై సార్లు గీయాలి. ఎన్ని వేల గణన భాగాలిచ్చినా అన్నింటికీ పని ఉంటుంది. పనిచ్చిన ప్రతి భాగమూ విద్యుత్తు తింటుంది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 చిప్పులో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి, కార్డుకు 450 వాట్లు. ఐబీఎం తొలి కంప్యూటర్లు ఏడింటికి సరిపోయే శక్తి!

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉన్నది. చిప్పుకు కావలసినది 1 వోల్టు ప్రాంతం, తీగలో వచ్చేది 12 వోల్టులు. కార్డు మీద చిప్పు చుట్టూ బారులు తీరిన నల్లని చిన్న దిమ్మెలు ఆ 12ను 1కి దించే పని చేస్తాయి. 300 వాట్లు 1 వోల్టు దగ్గర కావాలంటే 300 ఆంపియర్లు. ఇంత ప్రవాహాన్ని ఎస్.ఎం.పి.ఎస్. నుంచే తేవాలంటే తీగలు వేలి లావున ఉండాలి. అందుకే ఎక్కువ వోల్టేజితో తక్కువ ప్రవాహంగా తెచ్చి, గమ్యం పక్కన దించుకుంటారు. రామగుండంలో పుట్టిన విద్యుత్తును 4,00,000 వోల్టులకు పెంచి పంపి, మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 230కి దించుకోవడంలోని కిటుకే ఇది.

అందరికీ ఈ ఆకలి లేదని కూడా చెప్పాలి. 2014 ఫిబ్రవరిలో ఎన్విడియా జీటీఎక్స్ 750 టీఐ అనే కార్డు వచ్చింది. 60 వాట్లు. ఆఫీసుల నుంచి తీసివేసిన సెకండ్ హ్యాండు కంప్యూటరులో, దాని పాత ఎస్.ఎం.పి.ఎస్.తోనే, విడి తీగ లేకుండా నడిచేది. 2016లో వచ్చిన 1050 టీఐ సరిగ్గా 75 వాట్ల దగ్గర ఆగింది. ఈ అంకె యాదృచ్ఛికం కాదు. స్లాటు గీసిన గీత లోపల ఎంత చేయగలమో అంత చేసి అక్కడ ఆపారు. గొప్ప కార్డుల చరిత్ర వ్రాసేవారు వీటిని పట్టించుకోరు. కొద్ది డబ్బుతో కంప్యూటరు సమకూర్చుకునే కుర్రవాళ్ళకు మాత్రం ఇవే అసలైన గొప్ప కార్డులు, నా దృష్టిలోనూ అంతే.

గీత దాటితే ఏమవుతుందో కూడా 2016లోనే తెలిసింది. జూన్ నెలాఖరున ఏఎండీ సంస్థ రేడియాన్ ఆర్ఎక్స్ 480ని విడుదల చేసింది. స్లాటు నుంచి 75, ఒక ఆరు పిన్నుల తీగ నుంచి 75, కలిపి 150. కార్డు ప్రకటిత వినియోగమూ 150. ఊపిరి తీసుకోవడానికి జాగా లేదు. పరీక్షకులు కొలిచి చూస్తే అది స్లాటు నుంచి అనుమతించినదాని కంటె ఎక్కువ లాగుతున్నట్లు తేలింది. తీగ నుంచి ఎక్కువ లాగితే అంత ప్రమాదం లేదు, లావుపాటి పిన్నులు ఓర్చుకుంటాయి. స్లాటులోని ఆ అయిదు సన్నని స్పర్శలు ఎవరివి? పాత బోర్డు కొన్నవాడివి. కొద్ది రోజులలోనే ఏఎండీ కొత్త డ్రైవరు ద్వారా భారాన్ని తీగ వైపు కొంత మళ్ళించింది. ఎనిమిది పిన్నుల కనెక్టరు పెట్టి ఉంటే ఈ రభస ఉండేది కాదు. దానికి రెండేళ్ళ ముందు అదే సంస్థ ఆర్9 295ఎక్స్2 అనే కార్డును 500 వాట్లతో, రెండే రెండు ఎనిమిది పిన్నుల తీగలతో అమ్మింది. లెక్క ప్రకారం 75, 150, 150 కలిపితే 375 మాత్రమే. అయినా అది కార్చిచ్చు కాలేదు. కారణం ఏమంటే, ఆ పాత ఎనిమిది పిన్నుల కనెక్టరుకు కాగితం మీది అంకె కంటె చాలా ఎక్కువ ఓర్పు ఉన్నది. 150 వాట్లంటే 12.5 ఆంపియర్లు, మూడు పిన్నులు పంచుకుంటే ఒక్కొక్క దానికి సుమారు 4.2. ఆ పిన్ను దాదాపు దానికి రెట్టింపు మోయగలదు.

ఈ ఓర్పునే తరువాత కరిగించారు. మూడు లావుపాటి ప్లగ్గుల బదులు ఒకే చిన్న ప్లగ్గు ఉంటే సొగసుగా ఉంటుందని 2020లో ఎన్విడియా పన్నెండు పిన్నుల కనెక్టరును కొన్ని కార్డులకు పెట్టింది. 2022లో దానికి నాలుగు సంకేత పిన్నులు చేర్చి 12వీ-హెచ్‌పీడబ్ల్యూఆర్ అనే పేరుతో ప్రమాణంగా మార్చారు. ఒక్క ప్లగ్గు, 600 వాట్లు. లెక్క కట్టండి. 600ను 12తో భాగిస్తే 50 ఆంపియర్లు. ప్రవాహం తెచ్చే పిన్నులు ఆరు. ఒక్కొక్క దాని వాటా 8.3 ఆంపియర్లు. పాతదానిలో 4.2 కదా, రెట్టింపయింది. పైగా పిన్నులు మునుపటి కంటె చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నవి. పిన్ను భరించగలదని చెప్పిన పరిమితికీ, మోయవలసిన భారానికీ మధ్య తేడా పది పదిహేను శాతం. మా పల్లెలో వడ్ల బండి కట్టేవాడు కూడా ఇరుసు మీద ఇంతకంటె ఎక్కువ జాగ్రత్త ఉంచుకుంటాడు.

2022 అక్టోబరులో 4090 అమ్మకానికి వచ్చింది. ఆ నెలలోనే కరిగిన ప్లగ్గుల ఫొటోలు వచ్చాయి. నవంబరులో ఎన్విడియా, ప్రపంచం మొత్తం మీద సుమారు 50 ఫిర్యాదులు వచ్చాయనీ, ప్లగ్గును పూర్తిగా లోపలికి నొక్కకపోవడం ప్రధాన కారణమనీ చెప్పింది. సాంకేతికంగా ఆ మాట నిజమే కావచ్చును. సరిగా ఆనని స్పర్శకు నిరోధం ఎక్కువ, నిరోధం ఎక్కువైతే వేడి ఎక్కువ. కాని వేలాది రూపాయల ఎస్.ఎం.పి.ఎస్., లక్షన్నర రూపాయల కార్డు కొని, తన ఇంట్లో తన చేత్తో బిగించుకునే మనిషి ఒక మిల్లీమీటరు తక్కువ నొక్కడం తప్పా, ఒక మిల్లీమీటరుకు కరిగిపోయే వస్తువును ప్రమాణమని అతని చేతికివ్వడం తప్పా? నేను రెండవదే తప్పంటాను. ప్రమాణం వ్రాసినవారు కూడా ఆచరణలో ఆ మాటను ఒప్పుకున్నట్లే. 2023లో దానిని సవరించి, సంకేత పిన్నులను పొట్టివి చేశారు. ప్లగ్గు పూర్తిగా దిగితే తప్ప అవి తగలవు, అవి తగలకపోతే కార్డు శక్తి తీసుకోదు.

ఆ సవరణ ఒక జబ్బుకు మందు, రెండవ జబ్బుకు కాదు. ఆరు పిన్నులు సమానంగా పంచుకుంటాయన్నది ఒక ఊహ. ఏ పిన్ను స్పర్శ కాస్త మెరుగ్గా ఉంటే నీరు పల్లమెరిగినట్లు ప్రవాహం అటే ఎక్కువగా పోతుంది. మునుపు కొన్ని కార్డులు లోపలికి వచ్చిన తీగలను జట్లుగా విడదీసి, ఏ జట్టు ఎంత మోస్తున్నదో విడివిడిగా గమనించేవి. 4090లో అన్నింటినీ కలిపి ఒకటి చేశారు. 2025 జనవరిలో 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 వచ్చింది, అదీ అంతే. ఫిబ్రవరిలో జర్మనీకి చెందిన ఒక ప్రసిద్ధ పరీక్షకుడు ఆ కార్డు తీగలను విడివిడిగా కొలిస్తే, ఒక్క తీగలోనే 20 ఆంపియర్లకు పైగా పోతున్నది. 8.3కి 20 అంటే రెండున్నర రెట్లు లోపు. వర్గ సూత్రం ప్రకారం వేడి అయిదారు రెట్లు. పక్కనున్న తీగ చల్లగా విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది, కార్డుకు ఆ సంగతి తెలిసే ఉపాయమే లేదు.

వోల్టేజి పెంచరాదా అని పాఠకులు అడగవచ్చును. 48 వోల్టులైతే అవే 600 వాట్లకు పన్నెండున్నర ఆంపియర్లు చాలు. పెద్ద పెద్ద డేటా సెంటర్లలో అదే చేశారు. గూగుల్ తన 48 వోల్టుల పద్ధతిని 2016లో నలుగురితో పంచుకున్నది కూడా. అక్కడ యజమాని ఒక్కడే. బోర్డూ అతనిదే, కార్డూ అతనిదే, సరఫరా పెట్టే అతనిదే, ఒక్క సంతకంతో మూడూ మార్చుకోగలడు. ఇళ్ళలోని ఎస్.ఎం.పి.ఎస్.లన్నీ 12 వోల్టులవి. ఫ్లాపీ మోటార్ల నాటి ఒడంబడిక అది. ఎవరు ముందు మారుస్తారు?

ఏజీపీ ప్రో ఆత్మ మాత్రం అప్పుడప్పుడు తిరిగి వస్తూనే ఉన్నది. 2019లో ఆపిల్ తన మ్యాక్ ప్రోలో మామూలు స్లాటు వెనుక మరొక స్లాటు చేర్చి, విడి తీగ లేకుండా 475 వాట్ల వరకు ఇచ్చింది. ఆపిల్ కూడా పైన చెప్పిన ఏక యజమాని కోవలోదే గనుక అది సాగింది, 2023 నాటి మ్యాక్ ప్రోలో ఆ ఏర్పాటు లేదు. అదే 2023లో ఆసుస్ సంస్థ మరొక రకం బోర్డును ప్రదర్శించింది. గ్రాఫిక్స్ స్లాటు పక్కనే చిన్న అదనపు స్లాటు, దాని గుండా 600 వాట్ల వరకు. కార్డు పైన ఒక్క తీగ కూడా కనిపించదు, అద్దాల క్యాబినెట్‌లో చూడ ముచ్చటగా ఉంటుంది. బోర్డును తిప్పి చూస్తే, ఎస్.ఎం.పి.ఎస్. నుంచి వచ్చిన ఆ తీగలే వెనుక వైపు గుచ్చి ఉంటాయి.